రెండు కళ్ళ బొమ్మల్లోంచి లోతు ఎలా పుడుతుంది: విజువల్ కార్టెక్స్ న్యూరాన్లు చేసే పని

మీరు అడిగినవి మూడు. రెండు కళ్ళ బొమ్మలు మెదడులో సరిగ్గా ఎక్కడ కలుస్తాయి? అక్కడున్న న్యూరాన్‌కి దూరం తెలుస్తుందా? చిన్నప్పుడు మెల్లకన్నుకి ఆపరేషన్ చేయించుకున్న మీ అక్కకి 3డీ సినిమాలో ఏదీ ముందుకొచ్చినట్టు ఎందుకు కనిపించదు? మూడూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి కాబట్టి కలిపే చెబుతాను.

ముందుగా ఒక మాట. "బైనాక్యులర్ న్యూరాన్లు (రెండు కళ్ళకీ స్పందించే నాడీకణాలు) లోతును గుర్తిస్తాయి" అని టెక్స్ట్‌బుక్కుల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అది సగమే నిజం. మెదడు వెనక భాగంలో చూపు సంకేతాలు మొదట చేరే ప్రైమరీ విజువల్ కార్టెక్స్, అంటే వీ1లో ఉన్న న్యూరాన్ లోతును చూడదు. రెండు బొమ్మల మధ్య తేడాను కొలుస్తుంది, అంతవరకే. ఆ కొలతల్లో పనికొచ్చేవి ఏరి, వాటిలోంచి లోతును తేల్చేది తర్వాతి ప్రాంతాలు. ఈ సబ్జెక్టు చాలా ఏళ్ళుగా చెబుతున్నాను, పిల్లలు తడబడేది ఎప్పుడూ ఈ తేడా దగ్గరే.

ఇంతకీ కొలవాల్సిన తేడా ఏమిటి? మన రెండు కంటిపాపల మధ్య దూరం సుమారు 63 మిల్లీమీటర్లు. అందుకని ఒకే వస్తువు రెండు రెటీనాల మీద కొద్దిగా వేర్వేరు చోట్ల పడుతుంది. మీరు చూపు నిలిపిన వస్తువు రెండు కళ్ళలోనూ సరిగ్గా ఫోవియా (రెటీనాలో అన్నిటికన్నా స్పష్టంగా చూసే మధ్యభాగం) మీద పడుతుంది. దానికంటే దగ్గరగా ఉన్నవి ఒక వైపుకి, దూరంగా ఉన్నవి ఇంకో వైపుకి జరిగి పడతాయి. ఈ జరుగుబాటే డిస్పారిటీ. దీన్నుంచే లోతు తెలుస్తుందని 1838లో లండన్‌లో చార్లెస్ వీట్‌స్టోన్ తేల్చాడు. రెండు అద్దాలు పెట్టి, ఒక్కో కంటికి ఒక్కో గీతల బొమ్మ చూపించాడు. రెండూ చదునైన కాగితాలే, కానీ చూసేవాళ్ళకి ఘనంగా ఉన్న వస్తువు కనిపించింది.

ఈ జరుగుబాటు ఎంత చిన్నదో లెక్క వేసి చూడండి. మంచి చూపున్న మనిషి 10 ఆర్క్ సెకన్ల డిస్పారిటీని కూడా పట్టగలడు. ఒక డిగ్రీలో 3,600 ఆర్క్ సెకన్లు. సూదిలో దారం ఎక్కిస్తూ 40 సెంటీమీటర్ల దూరంలో చూస్తున్నారనుకుంటే, 10 ఆర్క్ సెకన్లంటే దారం కొసకీ సూది బెజ్జానికీ ముందువెనకల తేడా 0.12 మిల్లీమీటరు. ఫోవియాలో పక్కపక్కనున్న రెండు కోన్ కణాల (వెలుగుని పట్టే కణాల) మధ్య దూరమే దాదాపు 30 ఆర్క్ సెకన్లు ఉంటుంది. అంటే కెమెరా భాషలో చెప్పాలంటే ఒక పిక్సెల్‌లో మూడో వంతు తేడాని మెదడు పసిగడుతోంది. కానీ దూరం పెరిగేకొద్దీ ఈ శక్తి దాని వర్గంతో పడిపోతుంది. అదే మనిషి 100 మీటర్ల దూరంలో రెండు చెట్లలో ఏది ముందుందో కేవలం డిస్పారిటీతో చెప్పాలంటే వాటి మధ్య దాదాపు 8 మీటర్ల ఎడం ఉండాలి. కాబట్టి ఈ ఏర్పాటు చేతికందే దూరంలో చేసే పనులకే బాగా అక్కరకొస్తుంది.

ఇక కలిసే చోటు. రెండు కంటి నరాలూ ఎదురుపడే ఆప్టిక్ కయాస్మా దగ్గర ప్రతి కంటి నుంచీ వచ్చే నరాల్లో సుమారు సగం అటువైపుకి దాటుతాయి, మిగతా సగం ఇటే ఉంటాయి. దానివల్ల మీ ఎడమవైపు ప్రపంచం రెండు కళ్ళ నుంచీ కుడి మెదడుకి, కుడివైపు ప్రపంచం ఎడమ మెదడుకి చేరుతుంది. చాలామంది రెండు బొమ్మలూ అక్కడే కలిసిపోతాయనుకుంటారు. కలవవు. పక్కపక్కన ప్రయాణం చేస్తాయంతే. మెదడు లోపల థలమస్‌లో, కంటి సంకేతాలని వీ1కి పంపే మజిలీ అయిన ఎల్‌జీఎన్‌లో ఆరు పొరలుంటాయి. 1, 4, 6 పొరలు అవతలి కంటివి, 2, 3, 5 ఇవతలి కంటివి. అక్కడి నుంచి వీ1లోని నాలుగో పొరకి చేరాక కూడా ఎవరి పట్టీలు వాళ్ళవే. మకాక్ కోతుల్లో ఒక్కో కంటి పట్టీ వెడల్పు అర మిల్లీమీటరు దాకా ఉంటుంది. నాలుగో పొర దాటి పైపొరలకీ కిందిపొరలకీ వెళ్ళాకే ఒకే న్యూరాన్‌కి రెండు కళ్ళ నుంచీ సంకేతాలు అందుతాయి. రెండు బొమ్మలు నిజంగా ఎదురుపడేది అక్కడే.

డేవిడ్ హ్యూబెల్, టార్స్టెన్ వీజల్ 1959లోనూ 1962లోనూ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ బైనాక్యులర్ న్యూరాన్లని చూపించారు. 1981లో వాళ్ళకి నోబెల్ వచ్చిన పనిలో ఇదీ భాగమే. కానీ రెండు కళ్ళకీ స్పందించినంత మాత్రాన న్యూరాన్‌కి లోతు గురించి ఏమీ తెలియనక్కర్లేదు. రెండు కళ్ళలోనూ సరిగ్గా ఒకే చోటుని గమనిస్తున్న న్యూరాన్లు మాత్రమే ఉంటే, చూపు నిలిపిన దూరం తప్ప మరే దూరమూ వాటికి పట్టదు. అసలు మలుపు 1967లో వచ్చింది. హొరేస్ బార్లో, కాలిన్ బ్లేక్‌మోర్, జాక్ పెటిగ్రూ ముగ్గురూ కలిసి పిల్లి వీ1లో వేర్వేరు న్యూరాన్లు వేర్వేరు డిస్పారిటీలని ఎంచుకుంటాయని చూపించారు.

అలాంటి రికార్డింగ్ ఎలా జరుగుతుందో చెబుతాను, విషయం బాగా అర్థమవుతుంది. సన్నటి లోహపు ఎలక్ట్రోడ్ ఒక న్యూరాన్ పక్కకి చేరుతుంది. ఆ న్యూరాన్ స్పైక్ (చిన్న విద్యుత్ సంకేతం) వదిలినప్పుడల్లా స్పీకర్‌లో 'టప్' అని వినిపిస్తుంది. తెర మీద నిలువుగా ఒక వెలుగు గీత. ఎడమ కంటికి మాత్రమే చూపిస్తూ కదిపితే ఒక చోట నాలుగైదు టప్పులు. కుడి కంటికి మాత్రమే చూపిస్తే ఇంకో చోట అలాంటివే కొన్ని. ఇప్పుడు రెండు కళ్ళకీ చూపిస్తూ ఎడమ గీతకీ కుడి గీతకీ మధ్య ఎడాన్ని కొద్దికొద్దిగా మారుస్తారు. ఒక ఎడం దగ్గర స్పీకర్ ఒక్కసారిగా హోరెత్తుతుంది. విడివిడిగా వచ్చిన రెండు స్పందనల్ని కూడినా అంత రాదు. అక్కడి నుంచి అర డిగ్రీ జరిపితే చాలు, ఒంటికంటికి వచ్చిన ఆ నాలుగు టప్పులు కూడా ఆగిపోవచ్చు. అదే గీత, అదే వెలుగు, మారింది రెండు కళ్ళ మధ్య ఎడం ఒక్కటే. పక్కనున్న న్యూరాన్‌కి నచ్చే ఎడం వేరే ఉంటుంది. 1977లో జాన్స్ హాప్కిన్స్‌లో జియాన్ పోజియో, మెలకువగా ఉండి చూపు నిలిపిన కోతుల్లో ఇదే పని చేసి వీటిని రకాలుగా విడదీశాడు. చూపు నిలిపిన దూరం చుట్టుపక్కలకి హోరెత్తేవి, అక్కడే అణిగిపోయేవి, దగ్గరి వాటికి స్పందించేవి, దూరపు వాటికి స్పందించేవి. నిజానికి వీటి మధ్య గట్టి గీతలేమీ లేవు, ఒకదానిలోంచి ఒకటి కలిసిపోతూ ఉంటాయి. అయినా ఆ పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

మరి న్యూరాన్ ఈ పోలిక ఎలా చేస్తుంది? ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఉంది. దీనికి కావలసిన లెక్క మీరు హైస్కూల్లో నేర్చుకున్నదే: (ఎ + బి)² = ఎ² + బి² + 2ఎబి.

ఎడమ కంటి నుంచి ఎ, కుడి కంటి నుంచి బి వస్తున్నాయనుకోండి. న్యూరాన్ ముందు వాటిని కూడుతుంది. తర్వాత, సంకేతం ఒక హద్దు దాటితేనే స్పైక్‌లు వదులుతుంది. దాటాక అవి సంకేతం కంటే వేగంగా పెరుగుతాయి. స్థూలంగా ఇది వర్గం చేసినట్టే. ఇందులో ఎ², బి² ఒక్కో కంటి గురించి చెబుతాయి, వాటిలో డిస్పారిటీ సమాచారం ఏమీ లేదు. మూడోది, 2ఎబి, అందులోనే అంతా ఉంది. రెండు కళ్ళలో ఒకేచోట ఒకేరకం వెలుగునీడలు పడితే ఆ గుణకారం పెద్దదవుతుంది. పడకపోతే తగ్గుతుంది, ఒకదానికొకటి ఎదురైతే మైనస్‌లోకి పోతుంది. ఏ ఎడం దగ్గర 2ఎబి గరిష్ఠమవుతుందో అదే ఆ న్యూరాన్ ఇష్టపడే డిస్పారిటీ. 1990లో బర్క్‌లీలో ఒహ్జావా, డిఏంజెలిస్, ఫ్రీమన్ దీన్నే డిస్పారిటీ ఎనర్జీ మోడల్‌గా రాసి, పిల్లి వీ1లోని కాంప్లెక్స్ కణాలు దాదాపు ఇలాగే నడుస్తాయని చూపించారు. మోడల్‌లో ఒక్కో కాంప్లెక్స్ కణానికి నాలుగు సింపుల్ కణాలు (గీత సరిగ్గా తమ చోట పడితేనే స్పందించేవి) సంకేతమిస్తాయి. గీత సరిగ్గా ఎక్కడ పడిందన్నది పట్టించుకోకుండా, తెల్లదా నల్లదా అన్నది కూడా పట్టించుకోకుండా, డిస్పారిటీకి మాత్రమే స్పందించేలా చేయడానికే ఆ నాలుగు. ఇష్టపడే ఎడం న్యూరాన్ న్యూరాన్‌కీ మారడానికి రెండు దారులున్నాయి: రెండు కళ్ళలో రిసెప్టివ్ ఫీల్డ్‌ల (న్యూరాన్ గమనించే ప్రాంతాల) చోటే జరిగి ఉండటం, లేదా చోటు అదే అయినా లోపలి వెలుగు పట్టీలూ చీకటి పట్టీలూ ఒక కంట్లో కొద్దిగా జరిగి ఉండటం. వీ1లో రెండూ ఉన్నాయి.

ఒక్కో న్యూరాన్ ఇష్టపడే ఎడం ఇంత వెడల్పుగా ఉంటే 10 ఆర్క్ సెకన్లు ఎలా పట్టుబడతాయని మీకు అనుమానం రావాలి. ఆ పని స్పందన శిఖరం దగ్గర జరగదు, గ్రాఫ్ నిటారుగా లేచే వాలు దగ్గర జరుగుతుంది. అక్కడ డిస్పారిటీ ఏ కాస్త మారినా స్పైక్‌ల సంఖ్య బాగా మారుతుంది. అలాంటి న్యూరాన్లు చాలావాటిని కలిపి చదివితే సూక్ష్మమైన తేడా బయటపడుతుంది.

ఇంతవరకు చూస్తే వీ1లోనే పనంతా అయిపోయినట్టుంది. అవలేదని ఎలా తెలుసు? వేపచెట్టు కింద నిలబడి ఒక కన్ను మూసి పైకి చూడండి, ఆకులన్నీ ఒకే పచ్చటి పరదాలా ఉంటాయి. రెండో కన్ను తెరవగానే కొమ్మలు ఒకదాని వెనక ఒకటి విడిపోతాయి. కానీ ఆకులన్నీ ఒకేలా ఉన్నాయి కదా, ఎడమ కంట్లోని ఈ ఆకుకి కుడి కంట్లోని ఏ ఆకు జత అని ఎవరు చెప్పారు? హంగరీ నుంచి అమెరికా వెళ్ళి బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన బేలా యూలెస్ 1960లో ఈ ప్రశ్ననే కంప్యూటర్‌తో అడిగాడు. అడ్డదిడ్డంగా చల్లిన చుక్కల బొమ్మలు రెండు తయారుచేశాడు. ఒకదానిలో మధ్యనున్న చదరం కొద్దిగా పక్కకి జరిగి ఉంటుంది. ఏ బొమ్మని విడిగా చూసినా చుక్కలు తప్ప ఏమీ ఉండవు. రెంటినీ రెండు కళ్ళతో కలిపి చూస్తే చదరం గాల్లో తేలుతుంది. అంటే వస్తువుని ముందే గుర్తుపట్టకుండానే మెదడు జతలు వెతుక్కోగలదు. తప్పు జతలు కూడా పడతాయి. కిటికీకి బిగించిన దోమల మెష్‌ని దగ్గర్నుంచి కాస్త పరధ్యానంగా చూస్తే ఒక్కోసారి అది ముందుకో వెనక్కో తేలుతుంది. ఒక గడికి పక్క గడి జతపడటం వల్ల వచ్చేదే అది.

ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో బ్రూస్ కమింగ్, ఆండ్రూ పార్కర్ 1997లో చేసిన పని చూడండి. చుక్కల బొమ్మే, కానీ ఎడమ కంట్లో తెల్లగా ఉన్న ప్రతి చుక్కా కుడి కంట్లో నల్లగా ఉంటుంది, నల్లది తెల్లగా. ఇలాంటి దట్టమైన చుక్కల బొమ్మలో మనిషికి లోతు కనిపించదు. కోతికీ అంతే. చుక్కలు మెరమెరలాడుతూ చూపుకి నిలవకుండా ఉంటాయి. కానీ వీ1 న్యూరాన్లు స్పందించాయి. పైగా తలకిందులుగా స్పందించాయి: ఎక్కడ హోరెత్తాలో అక్కడ అణిగి, ఎక్కడ అణగాలో అక్కడ లేచాయి. పైనున్న లెక్కని ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఒక కంట్లో తెలుపు-నలుపు తారుమారైతే బి కాస్తా మైనస్ బి అవుతుంది. ఎ², బి² అలాగే ఉంటాయి, 2ఎబి ముందు గుర్తు మారుతుంది. న్యూరాన్ లెక్కకి తగ్గట్టే నడిచింది, అంతే. మోడల్ చెప్పినంత గట్టిగా తిరగబడలేదు, మామూలు స్పందన కంటే తక్కువే. అయినా తిరగబడింది. మనిషికి లోతు లేదు, వీ1కి డిస్పారిటీ ఉంది! వీ1 చేసేది లోతును చూడటం కాదు అన్న మాటకి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలిసి లేదు.

అదే ఏడాది ఇంకో గుంపు ఇంకా విచిత్రమైన సంగతి చూపించింది. అలాంటి బొమ్మని చూపించగానే కళ్ళు రెప్పపాటులో దగ్గరకో దూరానికో తిరుగుతాయి, అదీ తప్పు దిశలో. చూసేవాళ్ళకి లోతు కనిపించదు, కానీ కంటి కండరాలు వీ1 తరహా లెక్కనే నమ్మి కదిలిపోతాయి. అంటే ఈ ముడి కొలతని మెదడు పారేయదు, కళ్ళని తిప్పడానికి అలాగే వాడేస్తుంది. చూపుకి వచ్చేసరికి మాత్రం వడగడుతుంది. వీ1 తర్వాత వచ్చే ప్రాంతాల్లో ఒకటైన వీ4లో ఈ తప్పుడు స్పందన బాగా తగ్గిపోతుంది. ఇంకా ముందుకెళ్ళి, వస్తువుల్ని గుర్తించే ఇన్ఫీరియర్ టెంపోరల్ కార్టెక్స్‌లో, ఉపరితలాల వంపుల్ని గుర్తించే న్యూరాన్లలో, దాదాపు కనిపించదు.

ఇంకో తేడా కూడా ఉంది. మీరు పెన్ను మీద చూపు నిలిపి, అక్కడి నుంచి వెనకనున్న గోడ మీదికి మార్చారనుకోండి. ప్రతి వస్తువు డిస్పారిటీ ఆ క్షణంలో మారిపోతుంది. కానీ పెన్నుకీ గోడకీ మధ్య దూరం మారలేదు, మనకి మారినట్టు అనిపించదు కూడా. వస్తువుల మధ్య సాపేక్షంగా ఉన్న డిస్పారిటీ మీదే మన చూపు ఆధారపడుతుంది. వీ1 న్యూరాన్లు మాత్రం రెటీనా లెక్కన సొంత డిస్పారిటీనే చెబుతాయని 1999లో మళ్ళీ కమింగ్, పార్కర్‌లే చూపించారు. సాపేక్ష లెక్క, వీ1 పక్కనే ఉన్న తర్వాతి ప్రాంతం వీ2లో కొన్ని న్యూరాన్లలో మొదలవుతుంది. డిస్పారిటీతో మాత్రమే ఏర్పడిన అంచులకి స్పందించే న్యూరాన్లు కూడా వీ2లోనే ఉన్నాయి.

ఈ న్యూరాన్లు ఊరికే తోడుగా మోగుతున్నాయా, నిజంగా తీర్పులో పాలు పంచుకుంటున్నాయా అన్నదానికి 1998లో డిఏంజెలిస్, కమింగ్, న్యూసమ్ జవాబిచ్చారు. కదలికని చూసే ఎమ్‌టీ ప్రాంతంలో ఒకే డిస్పారిటీని ఇష్టపడే న్యూరాన్లు గుంపుగా ఉంటాయి. 'దగ్గర' అనే గుంపుకి సన్నటి కరెంటు ఇస్తే, కోతి తెర మీద ఉన్నదాన్ని మునుపటికన్నా ఎక్కువసార్లు 'దగ్గర' అని చెప్పింది.

మీ అక్క సంగతికి వస్తాను. 1965లో హ్యూబెల్, వీజల్ పిల్లి పిల్లల్లో ఒక కంటి కండరం కోసి మెల్లకన్ను కల్పించారు. రెండు కళ్ళూ విడివిడిగా బాగానే చూశాయి. కానీ మామూలుగా వీ1లో 80 శాతం దాకా ఉండే బైనాక్యులర్ న్యూరాన్లు 20 శాతానికి పడిపోయాయి. రెండు కళ్ళూ ఒకే చోటుని చూడకపోతే ఎ, బి ఎప్పుడూ ఒకేసారి రావు. కలిసి మోగని సంకేతాలని ఎదుగుతున్న కార్టెక్స్ ఒకే న్యూరాన్ మీద ఉంచుకోదు. మనుషుల్లో స్టీరియో చూపు (రెండు కళ్ళ తేడాతో లోతు చూడటం) 3 నుంచి 5 నెలల వయసులో మొదలై చకచకా పెరుగుతుంది. మెల్లకన్ను ఆ రోజుల్లో ఉండి ఆపరేషన్ చాలా ఆలస్యంగా జరిగితే, కళ్ళు నిటారుగా కనిపించినా లోపల పోల్చి చూసే న్యూరాన్లు తగినన్ని మిగలవు. ఆపరేషన్ విఫలమైందని కాదు, కండరాలని సరిచేసేది ఆపరేషన్, న్యూరాన్లని కాదు.

దీనర్థం మీ అక్కకి ప్రపంచం చదునుగా ఉంటుందని అస్సలు కాదు. ఒకటి ఇంకోదాన్ని కప్పడం, నీడలు, సైజు, తల కదిపితే దగ్గరివి వేగంగా జరగడం, ఇవన్నీ ఒక కంటితోనే లోతు చెబుతాయి. మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ 1961 కారు ప్రమాదంలో కుడి కంటి చూపు పోగొట్టుకున్నారు. మరుసటి ఏడాదే భారత జట్టుకి కెప్టెన్ అయ్యారు, 1964లో ఢిల్లీలో ఇంగ్లండ్ మీద 203 నాటౌట్ కొట్టారు.

పెద్దయ్యాక ఏమైనా వస్తుందా అంటే, కొందరికి వచ్చింది. పసితనం నుంచీ మెల్లకన్ను ఉన్న అమెరికన్ న్యూరోబయాలజిస్ట్ సూసన్ బ్యారీకి 48 ఏళ్ళ వయసులో, రెండు కళ్ళనీ కలిపి వాడే శిక్షణ తర్వాత, కారు స్టీరింగ్ డాష్‌బోర్డ్ నుంచి ముందుకొచ్చి కనిపించింది. కొన్ని బైనాక్యులర్ కనెక్షన్లు మిగిలే ఉంటాయనడానికి ఇది మంచి ఆధారం. అందరికీ అలా అవుతుందని మాత్రం మీ అక్కకి ఆశపెట్టకండి. ముందు స్టీరియో టెస్ట్ చేయించండి. కళ్ళద్దాలు పెట్టి ఈగ బొమ్మ చూపించే టెస్ట్ ఒకటుంది. ఆ ఈగ డిస్పారిటీ 3,000 ఆర్క్ సెకన్లకి పైనే, అందుకే స్టీరియో ఉన్న చిన్నపిల్లలు రెక్కలు పట్టుకోబోయి కాగితానికి పైన గాల్లోనే వేళ్ళు మూస్తారు. తర్వాత వచ్చే వలయాలు 40 ఆర్క్ సెకన్ల దాకా దిగుతాయి. ఆమె ఎక్కడ ఆగుతుందో చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. ముతక స్టీరియో మిగిలిన వాళ్ళకి 3డీ సినిమాలో పెద్ద పెద్ద డిస్పారిటీలు కొన్నైనా తెలియాలి. ఏమీ తెలియలేదంటే బహుశా ఈగ దగ్గరే ఆగవచ్చు.

ఇంకొకటి, ఇది మీరు అడగలేదు కానీ చెప్పాలి. మెల్లకన్ను కుటుంబాల్లో నడుస్తుంది. మీ అక్కకి పిల్లలుంటే, పుట్టిన మొదటి రెండు మూడు నెలలు కళ్ళు అప్పుడప్పుడు పక్కకి పోవడం మామూలే. నాలుగు నెలలు దాటాక కూడా ఒక కన్ను పక్కకి తిరుగుతుంటే "మెల్లకన్ను అదృష్టం" అనో, "పెరిగితే అదే సర్దుకుంటుంది" అనో పెద్దవాళ్ళు చెప్పే మాట విని ఆగొద్దు. పిల్లల కంటి డాక్టరుకి ఆ నెలలోనే చూపించండి. పసితనంలో మొదలైన మెల్లకన్నుని రెండేళ్ళలోపు, వీలైతే ఇంకా ముందే సరిచేయిస్తే కొంతైనా స్టీరియో నిలిచే అవకాశం పెరుగుతుంది.